మునికృష్ణ కనిపెట్టిన పాము

చంద్రగిరి రోడ్డు మీద కోమలి టీ అంగడి ముందర లారీ ఆపి, మునికృష్ణ బెంచీ మీద కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడంటే ఇంక ఆ పూటకు కోతలే కోతలు. ఆరునెలలుగా బెంగళూరు లోడ్లకు తిరుగుతా ఇటు రాలేదు మనిషి. కోమలి కుడిచేతికి రెండు వేళ్ళు పోయిన సంగతి అతనికి తెలీదు. పోయినసారి ఇదే బెంచీ మీద అతను చెప్పిన, విషం లేని కొత్త జాతి పాము కథ నమ్మి, పాల క్యాన్ల వెనక దూరిన పామును ఉత్త చేత్తో పట్టుకుందామె. నెల్లాళ్ళు ఆస్పత్రిలో పడుండి ప్రాణంతో బయటపడింది.

ఆ మనిషిని చూడంగానే ఆమెకు కడుపు మండింది. అయినా ఆ చెయ్యి కొంగులో దాచుకుని, ఎడంచేత్తో టీ పోసింది. విషం లేదన్న ఆ మాట ఈసారి కూడా అంటాడా, అనడా? అది వినాలని ఉంది ఆమెకు.

"భాకరాపేట ఘాటులో టైరు పంచరయ్యిందప్పా," మొదలుపెట్టినాడు మునికృష్ణ. "జాకీ ఎక్కిస్తా ఉంటే కాలికాడ ఒక పాము. అడవి దార్లలోనే తల నెరిసినోణ్ణి, నాకు తెలీని పామా? అయినా అట్లాంటిది నేను సూసిండ్లేదు. ఇది కొత్త జాతిరా మునికృష్ణా అనుకోని ఫోన్ చేస్తే, సైంటిస్టులు పరిగెత్తుకోనొచ్చినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిన్ను గూడా సీసాలో పెట్టుకోని పోయినారా?" అన్నాడు నిమ్మతోటల్లో కాయలు కోసే పెంచలయ్య.

"నవ్వబ్బా, నవ్వు! టేపు పెట్టి కొలిస్తే టేపు సాల్లేదు. ఇంకోటి ముడేసినారు, అదీ సాల్లేదు. తోక ఇంకా పొదల్లోనే ఉండాది. కొత్త జాతి అని తేల్చాలంటే పొలుసులు లెక్కబెట్టాలంట. వంతులేసుకోని లెక్కబెట్టినారు పాపం, తలకాయ కాడికి వచ్చేసరికి తోక కాడ కొత్త పొలుసులు మొలుస్తా ఉండాయి! ఇసుగుపుట్టి దాన్ని రోడ్డుకు అడ్డంగా పండబెట్టి టీ తాగను పోయినారా, బస్సులన్నీ స్పీడ్ బ్రేకరనుకోని మెల్లంగా ఎక్కి దిగి పోతా ఉండాయి. అంతలో రోడ్డోళ్ళొచ్చి దాని మీద తెల్ల పెయింటు కొట్టేసినారు. ఆ పాముకు తెల్ల చారలని పేపర్లో రాసినారు సూడు, అయ్యి ఆ పెయింటే! నీ పేరే పెడతాం అని గడ్డం పట్టుకున్నారు. నాకెందుకప్పా, మీ పేర్లే పెట్టుకోండి అన్నా."

పెంచలయ్య నవ్వబోయి కోమలి వైపు చూసినాడు. అతనికి అంతా తెలుసు. చెప్పేద్దామా అన్నట్టు తల ఎగరేస్తే, వద్దని కళ్ళతోనే ఆపిందామె.

టీ తాగేవాళ్ళు నవ్వినా, కోట పక్కన టార్పాలిన్ గుడిసెలో ఉండే కూలిమనిషి జయంతికి నవ్వు రాలేదు. చంకలో బిడ్డ ఉంది. "అది గుడిసెల్లోకి గూడా వస్తాదా అన్నా? కరిస్తే ఎట్లా?"

"కరిస్తే ఏముందమ్మా? విషమనేదే లేదు దానికి. కనకాంబరాల దండ మాదిరి మెళ్ళో యేసుకో. నేను యేసుకోలా?"

కోమలి కొంగులోంచి కుడిచెయ్యి తీసి అతని ముందర బెంచీ మీద పెట్టింది.

"నేను మెళ్ళో యేసుకోలేదన్నా. బయట పారేద్దామని పట్టుకున్నా, అంతే. విషం లేదని ఈ బెంచీ మీదనే కదా చెప్పినావు."

మునికృష్ణ మొహం మాడిపోయింది. నోరు మాత్రం ఆగలేదు. "అయ్యయ్యో, ఎంత పనాయె! నిన్ను కరిసింది రక్తపింజర అయ్యుంటాది కోమలీ. నేను చెప్పింది చారల పామమ్మా!"

"చారలు ఈరోజు కదన్నా వచ్చినాయి. పోయినసారి వేలంత లావు, మట్టి రంగు అన్నావు. నాకు కనబడింది అట్లనే ఉండె. నీ పామే అనుకున్నా."

ఎవరూ నవ్వలేదు. జయంతి బిడ్డను గట్టిగా పట్టుకుంది. "ఇంతకీ నువ్వు సూసినావా అన్నా దాన్ని?"

"పేపర్లో ఏసినారు కదమ్మా," అన్నాడు మునికృష్ణ, తల ఎత్తకుండా. "ఫోటో సూసినా."

"ఫోటోలో మట్టి రంగే ఉండెనా?" అడిగింది కోమలి.

"అది నలుపు తెలుపు ఫోటో కోమలీ. ఏదో ఒక రంగు చెప్పాల కదా అని చెప్పినా."