బాబాయ్ ఎక్కిన లిఫ్టు

కొత్తమ్మాయి టీ కప్పు పట్టుకుందేగానీ తాగడం లేదు. ఓ వెబ్‌సైట్‌కి ఆమె రాసిన స్వాగతం పేజీ ఎవరు తెరిచినా, పేరు రావాల్సిన చోట "అన్‌డిఫైన్డ్ గారూ, రండి" అంటోంది. మధ్యాహ్నం క్లయింట్లు వచ్చి చూస్తారు. ఈలోగా అది బాగుపడకపోతే రేపట్నుంచి రానక్కర్లేదంటారేమోనని ఆమె భయం. ఇంకా పర్మనెంట్ కాని ఉద్యోగం మరి.

ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే సీనియర్ ఆమె మొహం చూసి కుర్చీ లాక్కున్నాడు. ఆయన కుర్చీ లాక్కున్నాడంటే కోతలు మొదలైనట్టే. పక్కనున్న, ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టర్ అక్క అప్పుడే నవ్వాపుకుంటోంది.

"అన్‌డిఫైన్డా? అది నా చేతుల్లో పెరిగిందమ్మా. ఈ ప్రోగ్రాం భాష జావాస్క్రిప్ట్‌కి మొహమాటం ఎక్కువ. విలువ దాచుకునే డబ్బాకి పేరుపెట్టి లోపలేమీ వేయకపోతే కోప్పడదు, అన్‌డిఫైన్డ్ అని, అంటే విలువేమీ లేదని, నసుగుతుంది. ఒకసారి, ప్రోగ్రాంలో చెప్పిన పని చేసిపెట్టే ఓ ఫంక్షన్‌కి పని పురమాయించాను. పాపం, అంతా చేసింది, చేసిందాన్ని నా చేతికివ్వడం మర్చిపోయింది. నాకు దక్కిందేమిటి? అన్‌డిఫైన్డ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి ఒకటి కలిపాను."

"ఒకటే వచ్చిందా?" అంది అక్క.

"అసలు అంకే కాదు పొమ్మంది. ఆ అంకెకానిది ఊరుకుంటుందా, తగిలిన లెక్కనల్లా తనలాగే చేసేసింది, అక్కణ్ణుంచి గోడగడియారంలోకి పాకింది, ముళ్ళు ఎటు తిరగాలో తెలీక నిలబడిపోయాయి, మేనేజర్ వయసు చెరిగిపోయి ఆయన బల్లకింద పాకడం మొదలెట్టాడు, చివరికది మన లిఫ్టులో దూరింది. నేనూ దూరాను. చూద్దును కదా, ఏ అంతస్తు బటన్ మీదా అంకె లేదు. నొక్కితే మబ్బులు దాటించింది. చెవి పట్టుకుని నోట్లో ఓ విలువ కుక్కాను, బుద్ధిగా దింపింది."

"మనది ఒకటే అంతస్తు కదా. లిఫ్టెక్కడుంది?" అంది అక్క.

"లేదు కాబట్టేనమ్మా అన్‌డిఫైన్డ్," అన్నాడు బాబాయ్ తడుముకోకుండా.

కొత్తమ్మాయికి పొద్దున్నుంచి రాని నవ్వు వచ్చింది. "అక్కడే దొరికారు బాబాయ్. డబ్బా ఖాళీగా ఉంటే అన్‌డిఫైన్డ్ అని ఊరుకుంటుంది, నిజమే. ఆ అన్‌డిఫైన్డ్ లోపలికెళ్ళి ఏ అంతస్తని అడిగితే మాత్రం ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. మీరు మబ్బులదాకా వెళ్ళలేదు. గుమ్మంలోనే పడ్డారు."

అక్క పగలబడి నవ్వింది. బాబాయ్ మాత్రం చిన్నబుచ్చుకోలేదు, పైగా వెలిగిపోయాడు.

"ఇంత తెలిసినదానివి ఇక్కడ కూర్చుని బెంగపడతావేంటే తల్లీ? ఫంక్షన్ చేతికివ్వడం మర్చిపోయిందని చెప్పానా, అదొక్కటీ కోత కాదు. వెళ్ళి చూడు."

ఆమె గబగబా సీటుకెళ్ళింది. పేరూ ఇంటిపేరూ కలిపే తన ఫంక్షన్ రెండిట్నీ చక్కగా కలిపి, ఎవరికీ ఇవ్వకుండా ముగిసిపోయింది. తిరిగివ్వమని చెప్పే రిటర్న్ అన్న ఒక్క మాట చేర్చింది. ఆ కోతలన్నీ తనకోసమేనని అప్పటికి అర్థమై, బాబాయ్ మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఆయన పేరుతోనే పేజీ తెరిచి, ముందు ఆయన్నే పిలిచింది.

తెరమీద తన పేరు నిండుగా కనబడేసరికి బాబాయ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "చూశావా," అన్నాడు అక్కతో, "నేను రాగానే దడుచుకుని పారిపోయింది."