కళ్ళు తెరిచి మాట్లాడిన ఎలీసబెతమ్మ

ఏంటమ్మాయ్, రేపు గుడ్లవల్లేరు కాలేజీలో స్పీచా? అందుకేనా పొద్దుట్నుంచీ గోడతో మాట్లాడుతున్నావు! ఇలా వచ్చి కూర్చో, ఈ సూరయ్య తాత వింటాడు. నీకు ఎలీసబెతమ్మ గారి సంగతి చెప్పలేదు కదూ? నువ్వు పుట్టకముందే పోయిందిలే. మాటంటే ఆవిడదమ్మా! పందొమ్మిది వందల యాభై ఎనిమిదో, తొమ్మిదో... బందర్లో సుందరరాజు మేష్టారని ఉండేవారు. తను పాఠాలు చెప్పే బడి వరండాలోనే శనివారం సాయంత్రాలు ‘మాటల సంఘం’ అని పెట్టారు. ఎవరైనా రావచ్చు. నిలబడి ఏదో ఒకటి మాట్లాడాలి, మేష్టారు గంట కొట్టేదాకా ఎవరూ అడ్డం రాకూడదు. అయ్యాక ఒకరు లేచి, ముందు ఒక మంచి చెప్పి, ఆ తర్వాతే ఒక తప్పు చెప్పాలి. గిలకలదిండిలో చేపల వేలంపాటలో గొంతు చించుకునేవాణ్ణి, నాకు మాటలు నేర్పేదేంటని నవ్వుకుంటూ వెళ్ళాను. తీరా నిలబడితేనా, కాళ్ళు ఒడ్డున పడ్డ చేపల్లా కొట్టుకున్నాయి! సరే, నా గోలెందుకులే.

ఆవిడది గూడూరు దగ్గర పల్లె. మొగుడు పోతే బందరొచ్చి, అక్క మొగుడు జ్ఞానయ్య గారింట్లో ఉంటూ బట్టలు కుట్టేది. జ్ఞానయ్య గారంటే బడి కమిటీకి పెద్ద. మంచాయనే, తిండికి లోటు చెయ్యలేదు. కానీ ఆ ఇంట్లో ఆవిడ నోరు తెరిస్తే, ‘సరేలే గానీ, పులుసు మరిగిందేమో చూడు’ అనేవాళ్ళు. అందుకని మనసులోదంతా చర్చిలో ప్రార్థనలో చెప్పుకునేది. ఆవిడ ప్రార్థన మొదలెట్టిందంటే పిల్లలు ఒక కునుకు తీసి లేచేవాళ్ళట! అలాంటావిడ సంఘానికొచ్చింది. మొదటిరోజు ‘బస్సు ప్రయాణం’ మీద మాట్లాడమన్నారు. లేచి నిలబడగానే వాటంతటవే కళ్ళు మూసుకుపోయాయి. ‘ప్రభువా, గుడివాడ బస్సులో మాకు సీటు దొరకడం లేదయ్యా’ అని అందుకుంది! ఇంకేముంది, చర్చివాళ్ళంతా తలలు వంచేశారు. నేనూ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాను. చివర్న ‘ఆమెన్’ అంటే అందరికంటే గట్టిగా అన్నది నేనే! మేష్టారు నవ్వాపుకుని, ‘గొంతు బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ దేవుడు ఎలాగూ వింటాడు, మాకు కూడా చెప్పొచ్చు కదా’ అన్నారు. అని, నన్ను ఆవిడకి ఎదురుగా కూర్చోబెట్టి, ‘ఈ సూరయ్య మొహం చూసి చెప్పు’ అన్నారు. నా మొహం! వారం వారం చూసి చూసి, కళ్ళు తెరవడం అలవాటైంది. ఎంతెంత కళ్ళనుకున్నావ్! శనివారం దగ్గరపడుతోందంటే కుట్టుమిషను చప్పుడే హుషారుగా మారిపోయేదట. కొత్తగా ఎవరైనా బెదురుతూ వస్తే, మేష్టారికంటే ముందు ఆవిడే పక్కన కూర్చోబెట్టుకునేది.

ఇంతలో కమిటీకి ఎవరో చెవినేశారు, చేపలవాళ్ళూ ఆడవాళ్ళూ వరండాలో చేరి చప్పట్లు కొడుతున్నారు, బడికి మర్యాద కాదని. సంఘం ఎత్తేయాలన్నారు. మేష్టారు ఆ బడి జీతం తినే మనిషి, ఎదురు చెప్పలేడు. నాలాంటివాణ్ణి లోపలికే రానివ్వరు. ‘నేను మాట్లాడతాను’ అంది ఎలీసబెతమ్మ గారు. ఎవరితో? తను ఏనాడూ తలెత్తి చూడని ఆ బావగారితో! కమిటీ మీటింగు రోజు నేను కిటికీ బయట నిలబడ్డాను. అందరూ కూర్చున్నాక జ్ఞానయ్య గారు, ‘వచ్చావు కదా, ప్రార్థన చేసి వెళ్ళమ్మా’ అన్నారు. కమిటీ మొత్తం కళ్ళు మూసుకుంది. ఎదురుచూస్తున్నారు. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకోలేదు. అప్పుడూ, ‘బావగారూ, ప్రార్థన తర్వాత చేస్తాను. ముందు మీతో మాట్లాడాలి. కళ్ళు తెరవండి’ అంది! అబ్బబ్బ, ఇదిగో చూడు, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది! ‘మీ ఇంట్లో నాకు అన్నీ ఉన్నాయండీ. నా మాట చివరిదాకా విన్నది మాత్రం ఈ వరండాలో వాళ్ళే. అక్కడ సూరయ్యా మనిషే, నేనూ మనిషినే. అది ఎత్తేస్తే నేను మళ్ళీ ఎవరితో చెప్పుకోను?’ అంది. ఒకాయన ‘సరేలేమ్మా’ అనబోతే, జ్ఞానయ్య గారు చెయ్యెత్తి ఆపి, ‘ఇంకా ఉందా?’ అన్నారు. ‘ఉందండీ.’ ‘అయితే చెప్పు.’

వరండా ఉంచారులే, అది సరే. ఆ పైయేడు ఆవిడే సంఘానికి అధ్యక్షురాలు, అదీ సరే. ఆ మీటింగు మర్నాటి సంగతి ఆవిడే మాకు చెప్పింది. పొద్దున్నే కాఫీ ఇస్తుంటే జ్ఞానయ్య గారు, ‘ఎలీసబెతూ, ఈ ఏడు చేను కౌలుకిద్దామా, మనమే చేయిద్దామా? నీకేమనిపిస్తోందమ్మా?’ అన్నారట. అడిగారు! ఆవిడకి ఒక్క మాట రాలేదట. అంత మాటకారి, గ్లాసు పట్టుకుని అలాగే...

ఊఁ. ఆ కిటికీ కాస్త వెయ్యమ్మా, ఉప్పుగాలికి కళ్ళు మండుతున్నాయి.