జలుబు మనిషికి పథ్యం

నీళ్ళా? నీళ్ళెందుకు సార్, తాగితే ఇంకా మండుతుంది. దేశదేశాలూ తిరిగిన నాలుక కదా తమరిది, ఆమాత్రం తెలియదూ!

కూర్చోండి. మాట్లాడదామని చూడకండి, రాదు. ఇన్నాళ్ళూ మీరు మాట్లాడారు, మేం విన్నాం. ఇవాళ మీ నోటికి సెలవు.

ఏంటా సైగ? పెరుగా? థాయ్ వంటింట్లో పెరుగెక్కడిది సార్! మా హోటల్ గురించి పత్రికలో అంత పొడుగున రాశారే, అదొక్కటీ కనుక్కోలేకపోయారా?

నేను చేసిన తప్పేమిటో చెప్పండి. గుమ్మంలో అడుగు పెడుతూనే మా నాన్నతో అన్నది మీరేగా? "ఆ వ్యాసం రాసింది నేనే. రాశాకైనా బుద్ధొచ్చిందేమో చూద్దామని వచ్చాను. ఈసారి మీ ఇంట్లో మీరు తినే కారంతో పెట్టండి" అని! మా నాన్న తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తూ "అలాగే సార్, అలాగే సార్" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం మీరు చూడలేదు. నేను చూశాను.

ఇదిగో, అడిగిందే పెట్టాను. పచ్చి బొప్పాయి తురుము, నిమ్మరసం, పల్లీలు, చిటికెనవేలి గోరంత మిరపకాయలు. ఎన్నంటారా? గుప్పెడు. మా అమ్మ గుప్పెడు కాదు, నాది.

"ఇది థాయ్ వంట కాదు, జ్వరమొచ్చినవాడి పథ్యం." మీ వాక్యమే కదా? ఆహా, ఎంత బాగా కుదిరింది! నాకు కంఠతా వచ్చు. వీధి మొత్తానికీ వచ్చు. రోజూ మధ్యాహ్నం ఇక్కడే తినే పక్కకొట్టు టైలరు, ఇప్పుడు గుమ్మంలో తల పెట్టి "ఏమ్మా, ఇవాళ పథ్యమేంటి?" అని ఓ నవ్వు నవ్వి, ఎదురు హోటల్లోకి పోతున్నాడు.

వంటింటికీ ఈ గదికీ మధ్య కిటికీ ఉంది చూశారా? పూల గుడ్డ వేలాడుతోందే, అదే. అవతల మా అమ్మ ఉంది, అందుకే గొంతు పెంచకుండా మాట్లాడుతున్నాను. మా అమ్మకి కొలత చెంచాలో ఉండదు సార్, తినేవాళ్ళ మొహంలో ఉంటుంది. ఎవరొచ్చినా ముందు ఆ కిటికీలోంచి తొంగిచూసేది, ఆ తర్వాతే రోట్లో చెయ్యి పెట్టేది. కొత్తగా పళ్ళు కట్టించుకున్న పెద్దాయనకి బొప్పాయి మెత్తగా దంచేది. నెల తప్పిన అమ్మాయికి పులుపు ఓ చుక్క ఎక్కువ. పోట్లాడుకుని వచ్చిన మొగుడూ పెళ్ళాలకి ఒకే పళ్ళెంలో వడ్డించేది, దానికోసమైనా దగ్గరికి జరుగుతారని! "అడిగింది పెట్టవే అమ్మా, వాళ్ళ కాపురాలు నీకెందుకు" అని నేను నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని. వింటేగా!

అలాంటి కిటికీ ముందుకి మొదటిసారి మీరొచ్చారు. ముక్కు ఎర్రగా, కళ్ళు నీళ్ళు కారుతూ, పళ్ళెం పక్కన టిష్యూ కాగితాల కుప్ప. ఎత్తి పారబోసింది నేనే, మర్చిపోతానా? "బాగా కారంగా" అన్నారు. అలాగే చెప్పాను. అమ్మ తొంగిచూసింది. "అయ్యో, ఇంత జలుబులో కారమేమిటే, గొంతు పుండైపోదూ! చూసుకునేవాళ్ళు లేరు కాబోలు, లేకపోతే ఈ ఒంటితో హోటలుకొస్తాడా" అంటూ మిరపకాయలన్నీ ఏరి పక్కన పెట్టేసింది. మీరడగని అల్లం చారు కాచి పంపింది. తాగారు. ఇంకోసారి పోయించుకున్నారు కూడా. ఆ సంగతి మాత్రం వ్యాసంలోకి ఎక్కలేదు, ఎందుకో!

సరే, అడిగింది పెట్టకపోవడం మా తప్పే. ఆ పాయింటు మీకే, తీసుకోండి. మరి ముక్కు దిబ్బడేసి వాసనే తెలియని మనిషి రుచి మీద తీర్పు చెప్పొచ్చా? చెవుల్లో దూది కుక్కుకుని పాట బాగాలేదన్నట్టు! జవాబు చెప్పండి. ఓహో, చెప్పలేరు కదూ.

ఆ వ్యాసం నాన్న చదివి వినిపించిన మర్నాడే అమ్మ కిటికీకి గుడ్డ కట్టింది. ఇప్పుడు ఎవరి మొహమూ చూడదు. చెంచాతో కొలుస్తుంది, అందరికీ ఒకటే వంట. మొన్న నాన్నని అడిగింది, "ఉప్పు సరిపోయిందా?" అని. మా అమ్మ! ఉప్పు గురించి! నేను పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆవిడ నోట వినలేదు. పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను సార్. పోయిన జనం రేపైనా వస్తారు. పోయిన చెయ్యి వస్తుందా?

అందుకే ఇవాళ రోకలి నేనందుకున్నాను. అడ్డొస్తాడని నాన్నని నిమ్మకాయలకి పంపించిందీ నేనే. "ఎవరే వచ్చింది?" అంది అమ్మ, ఉల్లిపాయలు తరుగుతూ. "ఎవరో లే" అన్నాను. దంచుతుంటే ఎంత హాయిగా ఉందనుకున్నారు! మేమూ ఉప్పూ కారం తింటున్నవాళ్ళమే మరి.

ఇంకా అయిపోలేదు. ఆ దగ్గు కాస్త సర్దుకోనివ్వండి. అమ్మని ఇక్కడికి పిలుస్తాను. "ఇదిగోనే, ఆ మహానుభావుడు" అని చూపిస్తాను. మారుపేరు పెట్టుకుని రాశారుగా, అసలు మొహం కూడా చూడనివ్వండి. ఆవిడ కళ్ళల్లోకి చూస్తూ ఆ పథ్యం వాక్యం మీ నోటితోనే...

ఆగండి.

కాదు కాదు, దగ్గండి. ఇంకొంచెం గట్టిగా.

మీ దగ్గు విని కిటికీ గుడ్డ కదిలింది.

"ఎవరే ఆ దగ్గేది? అప్పుడొచ్చిన జలుబాయన కదూ! ఇంకా తగ్గలేదా, పాపం?"

విన్నారా? ఆవిడ లెక్కలో జలుబు మనిషి వేరు, వ్యాసం రాసినవాడు వేరు. ఇద్దరూ ఒకటేనని కల్లో కూడా తట్టలేదు. ఒక్క మాట అంటే చాలు, తెలిసిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

అటు చూడండి. గుడ్డ ఊడదీసి భుజాన వేసుకుంది. జిగురన్నం తీస్తోంది, కొబ్బరిపాలు పోస్తోంది, పంచదార... చేత్తోనే సార్. చెంచా ఊసే లేదు.

చెప్పను. మీ మీద జాలి అనుకునేరు, అంత భ్రమ వద్దు. చెప్పానంటే ఆ గుడ్డ మళ్ళీ కిటికీకెక్కుతుంది. ఇన్నాళ్ళు దాచుకున్న కసి గిన్నెడు అన్నంలో కలిసిపోయింది, ఏం చేస్తాం.

ఊఁ, పట్టండి. మంట తగ్గుతుంది. ఆవిడ పంపింది కాబట్టి పెడుతున్నాను, నేనైతే నీళ్ళు కూడా ఇచ్చేదాన్ని కాదు. తలెత్తి అటు చూసి కాస్త నవ్వండి. అడిగితే జలుబేనని చెప్పండి. అబద్ధమేం కాదులెండి, ముక్కు కారుతూనే ఉందిగా.