నాటకం విన్నాక

రేడియో నాటకం విన్నవాళ్లలో ఏం మార్పు వచ్చిందో రాసుకోవడానికి సర్వే అమ్మాయి కుట్టుమిషన్ల గదికి వచ్చింది. చివరి మిషన్ దగ్గరున్న ఆవిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“మొగుడు కొడితే ఓర్చుకోవాలా అక్కా?”

“అక్కర్లేదు. నాటకంలో బాగా చెప్పారు.”

“విన్నాక మీరేమైనా చేశారా?”

“చివర్లో చెప్పే నంబరుకి ఫోన్ చేశాను.”

సర్వే అమ్మాయి ముఖం విప్పారింది. వారం నుంచి తిరుగుతుంటే ఈ మాట చెప్పింది ఈవిడొక్కతే.

“ఏమన్నారు?”

“ఎవరూ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి ఆయన చూశాడు.”

సర్వే అమ్మాయి అప్పుడు గమనించింది, ఆవిడ ఎడమచేతి వేళ్లు రెండు వంగడం లేదు. గుడ్డని అరచేత్తో నెడుతోంది.

“నాటకం మళ్లీ వేస్తున్నారు గానీ, ఫోన్ ఎత్తేవాళ్లని నిరుడే తీసేశారక్కా.”

“అలాగా! నాటకంలో ఆ పిల్ల చెయ్యగానే ఎత్తారే.”

సర్వే అమ్మాయి చేతిలోని ఫారం తిరగేసింది.

“ఇదంతా రాసుకుంటావా?”

“దీనికి గడి లేదక్కా. ఫోన్ చేశారా, లేదా అని మాత్రమే ఉంది.”

“చేశాను కదా. చేశాననే రాసుకో తల్లీ.”

ఆవిడ మళ్లీ మిషన్ తొక్కసాగింది. సర్వే అమ్మాయి ‘మార్పు వచ్చింది’ అన్నచోట టిక్కు పెట్టి లేచింది.