గుడ్లు ఊగాయో లేదో

వచ్చావా? ఇలా కూర్చో. మీ అత్తగారేమీ అనదులే, పక్కింటికేగా వచ్చావు. ఆ పెట్ట జోలికి పోకు, పొడుస్తుంది. పిల్లలయ్యే రోజులు దగ్గరపడ్డాయి. మురిగిన గుడ్లు ఏరెయ్యకపోతే ఒకటి పగిలి గంపంతా కంపు. గిన్నెలో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయా? ఊఁ, గుడ్డు మెల్లగా వదులు. లోపల పిల్ల ఉంటే దానంతటదే ఊగుతుంది. పాడైంది ఉలకదు పలకదు. తొందరేమిటే తల్లీ, నీళ్ళు నిలకడ కావద్దూ?

ఇదంతా మా తోడికోడలు నేర్పిన విద్య. నువ్వు పుట్టకముందే పోయిందిలే. అక్కా అనేదాన్ని. మా బావగారు పోయాక ఈ పక్క వాటాలో ఒక్కతే ఉండేది. అబ్బో, ఏం నోరు! 'ఏమేవ్ చిన్నదానా, నాకు కళ్ళు ఆనడం లేదు, గుడ్లు ఊగాయో లేదో చూసి పో' అని గోడ మీంచి ఒకటే కేక. పొయ్యి మీద కూర మాడినా సరే, వెళ్ళాల్సిందే. వెళ్తే వదుల్తుందా? ఒక గుడ్డు వేస్తుంది, ఒక కబురు చెబుతుంది. బావగారి గురక, దర్జీ పాడుచేసిన రవిక, అన్నీ. 'అక్కా, ఇది ఊగిందే' అంటే 'నీ మొహం, నీ ఊపిరికి ఊగింది, మళ్ళీ చూడు' అనేది. ఇంటికొచ్చి తెగ విసుక్కునేదాన్ని.

ఒకసారి గిన్నె తిరిగిచ్చేద్దామని పిలవకుండానే వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. సన్న సూది, నల్ల దారం. ఒక్కసారికే ఎక్కించేసింది! నన్ను చూడలేదు. చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చేశాను. ఆ సాయంత్రం కేక వినపడగానే పొయ్యి ఆర్పేసి మరీ వెళ్ళాను. 'కళ్ళు ఆనవే' అంది. 'ఆనకపోతేనేం అక్కా, నేనున్నాగా' అన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ విసుక్కోలేదు.

అక్క పోయిన రోజు కూడా పెట్ట గంపలో కూర్చునే ఉంది. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక నేనే నీళ్ళు పెట్టి గుడ్డు వదిలాను. గుడ్డు ఊగింది. పక్కకి తిరిగి 'అక్కా, ఊగిందే' అనేశాను. ఎవరున్నారు? ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది తల్లీ.

ఆ మోగే ఫోను నీదేనా? అప్పుడే వెళ్ళాలా? ఇంకా నాలుగు గుడ్లున్నాయే. నాకూ కళ్ళు ఆనడం లేదు, రేపు కూడా ఓసారి వచ్చి పో. అయ్యో, అది కాదు, ఆ చివర గోధుమరంగు చుక్కున్నది చూడు, సన్నగా ఊగింది...

ఊఁ. నాకేం కనపడుతుందిలే. నువ్వే చెప్పు, ఊగిందా?