ఖాళీ కుర్చీని సాగనంపిన సంగతి

విజయవాడ మేజిస్ట్రేటు గారి కోర్టులో 1973 జూన్ 26, మంగళవారం ఉదయం నమోదు చేసిన వాంగ్మూలం.

నా పేరు తలతోటి రూతు. తండ్రి పేరు ఇశ్రాయేలు. వయసు ఇరవై సంవత్సరాలు. విజయవాడలో టీచర్ ట్రైనింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వల్ల పరీక్షలు ఆగిపోయాయి కనుక ఫిబ్రవరి నుంచి మా ఊరు లంకపల్లెపాడులోనే ఉంటున్నాను. అది బందరు కాలవ పక్కన ఉంది. మా అమ్మా నాన్నా కూలి పని చేస్తారు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే.

వాంగ్మూలం ఇవ్వాలన్న నిర్బంధం నాకు లేదని, ఇస్తే దాన్ని నా మీదే సాక్ష్యంగా వాడవచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. అర్థమైంది. నన్ను ఎవరూ పట్టుకురాలేదు. మా మేనమామ జక్కయ్య శుక్రవారం నుంచి లాకప్పులో ఉన్నాడు. ఆయన మీద పెట్టిన కేసులో బోర్డు మీద ఉన్న మాటలు ఆయనవి కావు, నావి. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

జక్కయ్య మావయ్య ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేస్తాడు. చదవడం రాదు. ఎవరైనా సుద్దముక్కతో అక్షరాలు గీసిస్తే వాటి మీద రంగు వేస్తాడు. గీత దాటడు. ఆయన భార్య మార్త. వాళ్ళకు సువార్త అని మూడేళ్ళ కూతురు ఉండేది.

వేసవికి కాలవ నీళ్ళు కట్టేసే ముందు మా పల్లె మంచినీళ్ళ చెరువు నింపాలి. ఈ ఏడు నింపలేదు. తూము తలుపు ఇరుక్కుపోయింది. ఏప్రిల్‌లో మేము పదిమంది ఆడవాళ్ళం కాలవల ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి ఉద్యోగి తల ఎత్తకుండానే, “తలుపు మార్చాలంటే పై నుంచి ఆర్డరు రావాలమ్మాయ్” అన్నారు.

“ఎంత పై నుంచండీ?” అని అడిగాను.

“నాకంటే పై నుంచి.”

అక్కడి నుంచి ఇదివరకటి ఎమ్మెల్యే గారి ఇంటికి వెళ్ళాం. ఆయన అరుగు మీద కూర్చుని గేదెకు కుడితి కలిపిస్తున్నారు. “నేనిప్పుడు ఎవణ్ణి తల్లీ? జనవరి నుంచి సభే లేదు, అంతా గవర్నరు పాలన. నేను కేకేస్తే ఈ గేదె కూడా తిరిగి చూట్టం లేదు” అన్నారు. ఆడవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంటికి వచ్చాక మార్త అత్త నాతో, “చదువుకున్నదానివి గదే, మరి ఎవర్ని అడగాలో నువ్వు చెప్పు” అంది. నేను చెప్పలేకపోయాను.

గవర్నరు గారి పేర అర్జీ రాసి తాలూకా ఆఫీసులో ఇచ్చాను. జవాబు రాలేదు. మళ్ళీ రాసి ఇచ్చాను. మొదటిదే ఇంకా ఇక్కడ ఉందని, నేరుగా పైకి పంపే పద్ధతి లేదని చెప్పారు.

అప్పటి నుంచి ఎండిన కాలవ అడుగున గుంటలు తవ్వి నీళ్ళు తోడుకున్నాం. మే 19, శనివారం నాడు సువార్త వాంతులు, విరేచనాలతో చనిపోయింది. ఆ పిల్లకు ఒక చెంబు ఉండేది. దాని మీద మావయ్య పచ్చరంగు చేప బొమ్మ వేశాడు. ఆస్పత్రికి తీసుకువెళ్తుంటే దారి పొడుగునా ఆ చెంబుతోనే నీళ్ళు కావాలని అడిగింది. చెంబు ఇంటి దగ్గర మర్చిపోయాం. కేసుకు దీనితో సంబంధం ఏమిటని మేజిస్ట్రేటు గారు అడిగారు. సంబంధం ఉందండీ అన్నాను. బోర్డుకు వేసిన పచ్చరంగు, ఆ చేపకు వేసిన పచ్చరంగు ఒకే డబ్బాలోవి.

ఇప్పుడు సాగనంపడం గురించి చెప్పాలి. కేసంతా ఆ మాట మీదే ఉంది.

మా సంఘంలో పాస్టరు గారికి బదిలీ అయితే ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీకి రెండు వెదుళ్ళు కట్టి, మెడలో దండ వేసి, పాటలు పాడుతూ బస్సు రోడ్డు దాకా మోసుకువెళ్తాం. దాన్ని సాగనంపడం అంటాం. నా చిన్నప్పుడు ఒక పాస్టరు గారు రోగుల ఇళ్ళకు వచ్చేవారు కాదు. ఎందుకు రారని పెద్దలు అడిగితే, “నేను నన్ను పంపినవాళ్ళకే జవాబు చెబుతాను” అన్నారు. ఆ మాట నిజమేనని పెద్దలు ఒప్పుకున్నారు. అందుకని ఆయనతో పోట్లాడలేదు. “మీరు పంపిన మనిషిని మీరే వెనక్కి పిలిపించుకోండి” అని పంపినవాళ్ళకు రాయించారు. పిలిపించారు. ఆయనను కూడా దండ వేసి, కుర్చీలోనే సాగనంపాం. రాళ్ళు వెయ్యలేదు.

గవర్నరు గారి విషయంలో నేను అనుకున్నది కూడా ఇంతే. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. ఆయనను నేను చూడలేదు. మంచివారే అయినా, మాకు నీళ్ళు రాకపోతే ఆయనను అడిగే దారి మాకు లేదు. ఎమ్మెల్యే గారు గొప్పవారేమీ కాదు. మేము వెళ్తే తిట్టేవారు. తిట్టిన తర్వాత ఫోను చేసేవారు. ఎందుకంటే ఓట్ల కోసం మళ్ళీ మా పల్లెకు రావాలి. గవర్నరు గారు మా పల్లెకు రానక్కరలేదు. ఆయనకు మేము ఓటు వెయ్యలేదు కనుక ఆయనను దించే హక్కు మాకు లేదు. ఆయనను పంపిన కేంద్రం వారికి ఉంది. ఆ పంపినవారికి మేము ఓటు వేశాం. అందుకని వారు గవర్నరు గారిని వెనక్కి పిలిపించాలి, ఆపేసిన సభను మళ్ళీ కూర్చోబెట్టాలి. అప్పుడు ఎవరిని అడగాలో మార్త అత్తకు నేను చెప్పగలుగుతాను.

జూన్ 22, శుక్రవారం ఉదయం మా పల్లె నుంచి ముప్పై మందిమి విజయవాడ వచ్చాం. ఉద్యమానికీ మా ఊరేగింపుకూ సంబంధం లేదు. బందరు రోడ్డు మీద కుర్చీకి వెదుళ్ళు కట్టాం, బంతిపూల దండ వేశాం. గవర్నరు గారు లేరు కనుక కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీకి కట్టిన బోర్డు మీద “గవర్నరు గారిని సాగనంపుదాం” అని ఉంది. ఆ అక్షరాలు సుద్దముక్కతో గీసింది నేను. రంగు వేసింది మావయ్య. “అక్షరం నీది, రంగు నాది, పడితే ఇద్దరం పడదాం” అని నవ్వాడు. సువార్త పోయాక ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పట్నంలో వాళ్ళకు మా పద్ధతి తెలియదన్న సంగతి నాకు తట్టలేదు. వెదుళ్ళు, దండ, నలుగురు మోసేవాళ్ళు. కిళ్ళీకొట్టు దగ్గర ఒకాయన, “శవం ఏదిరా? లేచి పోయిందా?” అన్నాడు. ఇంకెవరో “గోవిందా” అని అరిచారు. మాలో ఎవరూ అరవలేదు. మేము పాట పాడుతున్నాం. గోవిందా అన్నాక జనం మూగారు, పోలీసులు వచ్చారు. కుర్చీ విరిగింది. ముందు వెదురు మోస్తున్న జక్కయ్య మావయ్యను పట్టుకున్నారు. గవర్నరు గారికి పాడె కట్టి, చంపుతామని బెదిరించినట్టు కేసు రాశారు.

నిన్న సోమవారం నేను స్టేషనుకు వెళ్ళాను. బోర్డు రాసింది నేనని చెప్పాను. ఎస్సై పూర్ణచంద్రరావు గారు నమ్మలేదు. “మీ మావయ్య తనే రాశానని ఒప్పుకున్నాడుగా” అన్నారు. అది అబద్ధమని, ఆయనకు అక్షరాలు రావని చెప్పాను. హెడ్డు కానిస్టేబులు బసవపున్నయ్య గారు ఒక కాగితం చూపించారు. శనివారం నాడు మావయ్యకు పెన్సిలిచ్చి, బోర్డు మీది మాటలు మళ్ళీ రాయమన్నారట. మావయ్య చాలాసేపు కూర్చుని, చక్కటి అక్షరాలతో “హారన్ కొట్టుము” అని రాశాడు. చేతికి అలవాటైన అక్షరాలు అవే. ఎగతాళి చేస్తున్నాడని కొట్టారు. మావయ్య పెదవి చిట్లి ఉండడం నేను చూశాను.

ఆ కాగితం మీద అక్షరాలు చాలా చక్కగా ఉన్నాయి. చేప తోకలాగా చివర తిప్పాడు.

ఎస్సై గారు నన్ను కూర్చోమని, “చూడమ్మా, సాగనంపుదాం అంటే కాటికేగా? ఏదో తెలీక రాశాం, తప్పయిపోయిందని ఒక ముక్క రాసివ్వు. మీ మావయ్యని సాయంత్రానికి వదిలేస్తా. రేపు టీచరమ్మవి కావాలంటే కాండక్టు సర్టిఫికెట్టు కావాలి, ఆలోచించుకో” అన్నారు.

“సాగనంపడం అంటే పంపినవాళ్ళ దగ్గరికి మర్యాదగా పంపడమండీ. తెలిసే రాశాను” అన్నాను.

“మీ నాన్న కూలి చేసి చదివించింది ఇందుకా?”

బయట మా నాన్న నిలబడి ఉన్నాడు. లోపలి మాటలు ఆయనకు వినపడతాయి. నాన్నే కిటికీ దగ్గరకు వచ్చి, “ఇందుకేనండీ” అన్నాడు.

అప్పుడు ఎస్సై గారికి కోపం వచ్చింది. “ఇదేం కోడిపందేల కేసనుకున్నారా? గవర్నరు గారి పేరుంది ఇందులో. ప్రతి కాగితం నకలూ హైదరాబాదు పోవాల్సిందే, ఒక్కటి ఆగినా నా ఉద్యోగం పోద్ది” అన్నారు.

నేను ఆ మాటను రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను. ఆ తర్వాతే వాంగ్మూలం స్టేషనులో కాకుండా ఇక్కడ ఇస్తానని చెప్పాను.

నా అర్జీలు రెండూ తాలూకా ఆఫీసులోనే ఉన్నాయి. ఈ కాగితం ఆగదు. కనుక ఇందులోనే రాయమని కోరుతున్నాను. లంకపల్లెపాడు మంచినీళ్ళ చెరువు తూము తలుపు ఇరుక్కుపోయి ఉంది. కాలవకు నీళ్ళు వచ్చినా చెరువులోకి రావడం లేదు. తలుపు మార్పించాలి. జవాబు చెప్పే మనిషి ఎవరో మాకు చెప్పాలి. అలాంటి మనిషి లేకపోతే గవర్నరు గారిని వెనక్కి పిలిపించాలి.

ఇది వాంగ్మూలంలోకి రాదని గుమాస్తా లక్ష్మీనారాయణ గారు కలం ఆపారు. మేజిస్ట్రేటు గారు “ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాయండి” అన్నారు.

బోర్డు మీది మాటలు నావి. జక్కయ్యకు వాటిని చదవడం రాదు. ఇందులో నేను చూసిందీ, చేసిందీ, అనుకున్నదీ తప్ప కల్పించింది లేదు. చదివి వినిపిస్తామన్నారు. అక్కరలేదని నేనే చదువుకున్నాను. ఒకచోట “సాగనంపుట, అనగా పాడె కట్టుట” అని ఉంటే ఆ చివరి మూడు మాటలు కొట్టేయించి, పక్కన పొడి సంతకం పెట్టాను. మిగిలినదంతా సరిగా ఉంది. పైకి పంపవచ్చు.

(సంతకం) తలతోటి రూతు

ఈమె నా కూతురే అని గుర్తించినందుకు,
తలతోటి ఇశ్రాయేలు, ఎడమచేతి బొటనవేలి ముద్ర