గుడ్ల ట్రేతో ఫొటో

జహీరాబాద్‌లో ఒక అద్దె గది. బట్టలు కుట్టే అమ్మాయి సంచి సర్దుతుంటే ఇంటి ముసలామె గడపలో నిలబడింది.

“టీబీ మందులు పెట్టుకున్నవా బిడ్డా?”

“పెట్టుకున్న అవ్వా. ఇంక నాలుగు నెలలు మింగాలె.”

“తగ్గేదాక ఈడనే ఉండరాదు?”

“ఉండి ఏం చెయ్యాలె? జాకెట్లు కుట్టనిచ్చినోళ్లు బట్టలు వాపస్ తీస్కపోయిన్రు. నేను తాకితే అంటుకుంటదట.”

“వాళ్లకెవరు చెప్పిన్రు?”

“దవాఖానల గుడ్లు, పప్పు పంచిన లీడరు. నాకు ట్రే ఇచ్చుకుంట ఫొటో దిగి, పేరు, రోగం రాసి కాలనీ గ్రూపుల ఏసిండు. ఆయనకు అందరూ దండాలే.”

“దవాఖానోళ్లు వద్దనలేదా?”

“రోగి సంగతి బయట పెట్టొద్దని వాళ్ల గోడ మీదనే రాసున్నది. నన్ను దాని కిందనే నిలబెట్టిన్రు.”

“థూ. గుడ్డు చేతిల పెట్టి ఇజ్జత్ తీసిన్రు. నువ్విస్తే నేను గూడ రెండు తింటి. ఫొటో తీసెయ్యమనలేదా?”

“అడిగిన. మంచిగనే పడ్డవు గదమ్మా అన్నడు ఆ లీడరు.”

“మరి నయమైనంక వస్తవా?”

“బీదర్‌ల అక్క దగ్గరుంట. నయంగాంగనే వస్త అవ్వా.”

నిరుడు జూన్‌లో వెళ్లిన ఆ అమ్మాయికి అక్టోబరులో టీబీ పూర్తిగా నయమైంది. జహీరాబాద్‌కు మాత్రం ఇంతవరకు తిరిగి రాలేదు.